ఒక చెట్టుకు 8,333 కాగితాలు, గుంత తవ్విన చేతికి ఎన్ని?



ఈ వరుసలో ఇది పదకొండో భాగం. పోయిన వారం లావణి పట్టాల గురించి రాశాక ఉస్మానియాలో చదివే ఒక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు అన్నిటికీ గుర్రుమంటవు. కంపెనీలు చెట్లు నాటితే కూడా మనకు నొప్పేనా? చెట్టుకు కులం ఉంటదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. చెట్టుకు కులం లేదు. అది నిలబడే నేలకు ఉంది, దాని కోసం గుంత తవ్విన చేతికి ఉంది, ఎండాకాలం బిందె మోసిన భుజానికి ఉంది. ఆ చెల్లెకు ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. 2016లో డిగ్రీ అయిపోయాక గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసులో పనికి కుదిరాను. కంపెనీ పేరు రాయను, ఈ కథ ఆ ఒక్క కంపెనీది కాదు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ప్రింటర్లలో కాగితం నింపాలి, టోనర్ మార్చాలి, ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగాలి. నెలాఖరుకు ప్రతి మిషన్ దగ్గరికీ పోయి, ఎన్ని పేజీలు అయ్యాయో మీటర్ చూసి రిజిస్టర్‌లో ఎక్కించాలి. మొయినాబాద్ నుంచి పొద్దున బస్సెక్కితే మళ్ళీ రాత్రికే ఇల్లు.

ఆ ఆఫీసులో లిఫ్ట్ దిగగానే గోడకు ఒక ఆకుపచ్చ ఫ్రేమ్ ఉండేది. మేము ఇన్ని పేజీలు ప్రింట్ చేశాం, బదులుగా ఇన్ని చెట్లు నాటించాం, మా ప్రింటింగ్ వల్ల అడవికి నష్టం లేదు అని అందులో రాసి ఉండేది. కొన్ని నెలల తర్వాత తెలిసింది, అందులో పేజీల లెక్క నా రిజిస్టర్ నుంచే పోతుందని. గర్వంగా అనిపించింది. నేను రాసిన అంకెతో ఎక్కడో చెట్టు మొలుస్తోంది అనుకున్నాను. అబద్ధం చెప్పను, ఇంటికి పోయి మా అవ్వకు కూడా చెప్పాను. "ఎక్కడ మొలుస్తుంది బిడ్డా?" అని అడిగింది. నాకు తెలియదు. ఫ్రేమ్‌లో ఊరి పేరు లేదు.

ఈ ఏర్పాటు ఎట్లా నడుస్తుందో తెలుసుకుందాం. ప్రింటర్లు అద్దెకిచ్చే, నిర్వహించే కంపెనీలు తమ ఖాతాదారులకు ఇదొక అదనపు సేవగా అమ్ముతాయి. మిషన్ మీటర్ నుంచి పేజీల లెక్క పోతుంది. ఆ కాగితం బరువెంత, దానికి ఎంత కలప పట్టి ఉంటుంది అని ఒక సూత్రం వేస్తారు. చివరికి ఇన్ని చెట్లు అని తేలుతుంది. చెట్టుకు ఇంత అని రుసుము తీసుకుని, నాటే సంస్థకు పంపుతారు. అమెరికాలో ఈ వ్యాపారంలో పేరున్న ప్రింట్‌రిలీఫ్ సంస్థ వాడే లెక్క 8,333 కాగితాలకు ఒక చెట్టు.

ఆ లెక్కను మన చేతిలోకి తీసుకుందాం. ఒక ఏ4 కాగితం దాదాపు 5 గ్రాములు. 8,333 కాగితాలు అంటే సుమారు 41 కిలోలు. 500 కాగితాల రీము లెక్కన పదహారున్నర రీములు. నేను ఒక్క వారంలో భుజాన మోసేవి అంతకంటే ఎక్కువే. అంటే వారానికి ఒక చెట్టును మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కానన్న మాట. సూత్రంలో తప్పు పట్టను, సగటు లెక్క సగటు లెక్కే. కానీ నరికిన చెట్టు ఎదిగిన చెట్టు. నాటేది జానెడు మొక్క. ఆ రెండింటి మధ్య కొన్నేళ్ళ కాలం ఉంది, కొంత నేల ఉంది, నీళ్ళున్నాయి, కాపలా ఉంది. మీటర్ వీటిలో దేన్నీ లెక్కపెట్టదు.

సరే, నరికిన చెట్టు ఎక్కడిది? చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

మన తెలంగాణలో కాగితం కథ సిర్పూర్‌తో మొదలు. నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది. దానికి రెండేళ్ళ ముందే, 1940లో, అదే ఆదిలాబాద్ అడవుల్లో జల్ జంగల్ జమీన్ అన్న కొమురం భీమ్‌ను జోడేఘాట్‌లో చంపారు. అడవి మీద హక్కు అడిగినవాడికి తూటా దొరికింది, అడవిలోని వెదురుకు మిల్లు దొరికింది. ఈ రెండు సంగతులను మన పాఠ్యపుస్తకాలు వేర్వేరు పాఠాల్లో చెబుతాయి. రెండూ ఒకే పాఠం.

తర్వాత గోదావరి ఒడ్డున భద్రాచలం దగ్గర సారపాకలో ఇంకో మిల్లు లేచింది. ఈరోజు అది ఐటీసీది. వెదురు తగ్గుతున్న కొద్దీ మిల్లులు జామాయిల్, సుబాబుల్ వైపు తిరిగాయి. 1990ల నుంచి క్లోనల్ జామాయిల్ మొక్కలు రైతుల చేలల్లోకి వచ్చాయి. నాలుగైదేళ్ళలో నరుకుడుకు వస్తాయి. మన ఆఫీసులు, కోర్టులు, యూనివర్సిటీలు వాడే తెల్ల కాగితంలో పెద్ద భాగం ఇట్లాంటి తోటల నుంచే వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. 2009లో ఐక్యరాజ్యసమితి స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం కింద ఒక ప్రాజెక్టు నమోదైంది. ఖమ్మం జిల్లాలో సుమారు 3,070 హెక్టార్లలో ఐటీసీ సామాజిక అడవుల పెంపకం. ఆ చెట్లు గాలిలోని కార్బన్‌ను పీల్చుకుంటాయి కాబట్టి దానికి క్రెడిట్లు. కాగితం మిల్లుకు కావలసిన కలప, కార్బన్ ఖాతాకు కావలసిన చెట్టు, రెండూ ఒకే తోటలో! చిన్న రైతులకు, ఆదివాసీ రైతులకు కలప డబ్బు వచ్చింది, అది కాదనను. నేను చూపించాలనుకున్నది ఆ ప్రాజెక్టు పేరు. అందులోనే ఒక మాట ఉంది: తీవ్రంగా క్షీణించిన భూభాగంలో అడవుల పెంపకం. క్షీణించిన నేల. పనికిరాని నేల. మన భాషలో బంజరు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇంకో సంగతి కూడా. ఆ యంత్రాంగంలో చెట్ల మీద ఇచ్చే క్రెడిట్లు తాత్కాలికమైనవి. చెట్టు నరకొచ్చు, కాలిపోవచ్చు, ఎండిపోవచ్చు కాబట్టి వాటికి గడువు పెట్టారు. ప్రపంచ స్థాయి లెక్కల వాళ్ళకే చెట్టు మీద అంత అనుమానం ఉంటే, మా ఆఫీసు గోడ మీది ఫ్రేమ్‌కు మాత్రం గడువు లేదు.

అంతకంటే ముందు జరిగిన ముచ్చట ఒకటి ఉంది. ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలో పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం. అక్కడి ఆడవాళ్ళు సంఘాలు కట్టుకుని కానుగ మొక్కలు పెంచారు, కానుగ గింజల నుంచి నూనె తీశారు. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడితే తగ్గే పొగను లెక్కగట్టి, 2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు వాళ్ళ దగ్గర 147 టన్నుల కార్బన్‌ను కొన్నది. ఇచ్చింది 645 డాలర్లు. ఎందుకు కొన్నది? వాషింగ్టన్‌లో తాను పెట్టిన ఒక అంతర్జాతీయ సమావేశానికి విమానాల్లో వచ్చినవాళ్ళ పొగకు బదులుగా. అప్పటి లెక్కలో 645 డాలర్లంటే దాదాపు 30 వేల రూపాయలు. టన్నుకు 200 రూపాయల చిల్లర.

పవర్‌గూడ అక్కలను నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళ పేరు మీదే డబ్బు వచ్చింది, ఊరి పేరు కాగితంలో ఉంది, చెట్టు వాళ్ళదే, గింజ వాళ్ళదే. ఈ తరహా వ్యాపారంలో ఈ నాలుగూ ఉండటమే అరుదు. అందుకే ఆ కథను మనం చదవాలి. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. విమానం ఎప్పుడూ ఎక్కని ఆడవాళ్ళు విమానం ఎక్కినవాళ్ళ పొగను కడిగారు, టన్నుకు 200 రూపాయలకు. ఊరి మురికిని కడిగే పని తరతరాలుగా ఎవరి నెత్తిన పెట్టారో మనకు కొత్తగా చెప్పాలా? పొగకు కూడా పాకీ పని ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక బంజరు దగ్గరికి వద్దాం.

బాబాసాహెబ్ పోయిన ఎనిమిదేళ్ళకు, 1964 డిసెంబర్ 6న, దాదాసాహెబ్ గైక్వాడ్ నాయకత్వంలో రిపబ్లికన్ పార్టీ దేశమంతా భూమి సత్యాగ్రహం మొదలుపెట్టింది. లక్షల మంది జైళ్ళకు పోయారు. వాళ్ళ డిమాండ్లలో ముఖ్యమైనది, ఖాళీగా ఉన్న బంజరు భూములను భూమి లేనివాళ్ళకు ఇవ్వండి అని. దున్నుకుని బతుకుతాం అన్నారు. ప్రభుత్వాలు కొంత ఇచ్చాయి. మన దగ్గర లావణి పట్టాలు, అసైన్డ్ భూములు అట్లా వచ్చినవే. ఏ భూములు? ఊరి చివర రాళ్ళ చెల్కలు, గుట్ట వాలులు, చౌడు నేలలు. పట్టా ఉంటుంది, అమ్ముకునే హక్కు ఉండదు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల చట్టం మన భూమి పెద్దల చేతికి పోకుండా కాపాడటానికే వచ్చింది. అదే పట్టా షరతులను చూపించి, ప్రజా ప్రయోజనం అన్నప్పుడల్లా సర్కారు ఆ భూమిని తిరిగి తీసుకోవడం కూడా మనం చూశాం.

1985లో దేశం బంజరును ఇంకో కంటితో చూసింది. జాతీయ బంజరు భూముల అభివృద్ధి బోర్డు వచ్చింది. ఏడాదికి 50 లక్షల హెక్టార్లలో చెట్లు పెంచాలన్నారు. ఇరవై ఏళ్ళ కింద భూమి లేనివాళ్ళు చేయి చాపిన నేలకు ఇప్పుడు చెట్టు వారసురాలైంది. పేరు సామాజిక అడవులు. చాలా చోట్ల నాటింది జామాయిల్. మేక తినదు, పశువు ముట్టదు, కాపలా ఖర్చు తక్కువ, మిల్లుకు కావాలి.

మా మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు పట్టుకుని పోతే కర్ణాటక వస్తుంది. అక్కడ 1984లో ప్రభుత్వం, ఒక పెద్ద పరిశ్రమ కలిసి కర్ణాటక పల్ప్‌వుడ్ అనే కంపెనీ పెట్టాయి. ఊళ్ళు మేతకు, కట్టెకు వాడుకునే వేల హెక్టార్ల ఉమ్మడి భూములను జామాయిల్‌కు ఇచ్చాయి. 1987 నవంబర్ 14న ధార్వాడ జిల్లా కుసనూరులో జనం వచ్చి జామాయిల్ మొక్కలను పీకి, ఆ గుంతల్లోనే తమకు పనికొచ్చే మొక్కలు నాటారు. ఆ సత్యాగ్రహం పేరు కిత్తికో హచ్చికో. పీకు, నాటు అని అర్థం. కొన్నేళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. చూడండి, వాళ్ళు చెట్టుకు వ్యతిరేకంగా పోరాడలేదు. ఏ చెట్టు, ఎవరి నేల, ఎవరి కోసం అని అడిగారు. పీకిన చేత్తోనే నాటారు.

ఇప్పుడు మా మండలానికి వస్తాను.

2015 జులై 3న తెలంగాణకు హరితహారం మొదలైంది మా మొయినాబాద్ మండలంలోనే, చిలుకూరులో. 230 కోట్ల మొక్కలు, పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి అన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ ఉండాలంది, నాటిన వాటిలో 85 శాతం బతకాలంది, లేకపోతే సర్పంచ్, కార్యదర్శి మీద చర్య అంది. ఆ నర్సరీల్లో మట్టి, ఎరువు, ఇసుక కలిపి కవర్లు నింపింది ఎవరు? ఉపాధి హామీ కూలీలు. మా అవ్వ వాళ్ళలో ఒకామె. సాయంత్రానికి వేళ్ళ గోళ్ళలో ఎర్రమట్టి. కూలి డబ్బులు పోస్టాఫీసుకో బ్యాంకుకో వారాల తర్వాత వచ్చేవి. మొక్క మీద మాత్రం నాయకుడి ఫోటో అదే రోజు పేపర్లో వచ్చేది.

కంపెనీలు కూడా ఇదే కాలంలో వచ్చాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమలు. బడి కట్టొచ్చు, దవాఖానా నడపొచ్చు, చెట్లు నాటొచ్చు. చెట్టు అన్నిటికంటే తేలిక. ఒక్క రోజులో అయిపోతుంది, ఫోటో బాగుంటుంది, ఎవరూ వద్దనరు. మా మండలం ఐటీ ఆఫీసులకు కూతవేటు దూరం. పైగా మాకు 111 జీవో ఉంది.

కొత్తవాళ్ళకు చెప్తాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్ మునిగింది. వేల మంది పోయారు. ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి నీటి పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. 84 ఊళ్ళు, 1 లక్షా 32 వేల ఎకరాలు. పరిశ్రమలు వద్దు, పెద్ద కట్టడాలు వద్దు. పట్నం నీళ్ళ కోసం మా ఊళ్ళు పచ్చగా ఉండాలి. న్యాయమే. కానీ పట్టా రైతు ఆ పచ్చదనంలో గులాబీ తోట పెట్టాడు, పెద్దవాళ్ళు ఫామ్‌హౌస్‌లు కట్టారు, మా వాడలు ఆ తోటల్లో పూలు తెంపే కూలీలయ్యాయి. 2022లో ఆ జీవోను సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది, 2023లో ఎత్తేస్తామన్నారు. పచ్చదనం పెట్టినప్పుడూ మమ్మల్ని అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆ రోజు గురించి. 2017 వానాకాలం. మా ఆఫీసు నుంచి మూడు బస్సులు బయలుదేరాయి, ఆకుపచ్చ టీషర్టులు, టోపీలు, నీళ్ళ సీసాలు, బిర్యానీ పొట్లాలు. మొక్కలు నాటే కార్యక్రమం. నన్ను కూడా తీసుకుపోయారు, సామాన్లు దించడానికి. బస్సు మొయినాబాద్ దాటి ఎడమకు తిరిగే వరకు నాకు తెలియదు, పోతున్నది మా మండలంలోనే ఒక ఊరికని. గుట్ట పక్కన మైదానం. గుంతలు ముందే తవ్వి ఉన్నాయి, వరుసగా, దారం పెట్టి కొలిచినట్టు. పక్కన చెట్టు నీడలో పది పన్నెండు మంది ఆడవాళ్ళు గడ్డపారలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. అందులో మా చిన్నమ్మ ఉంది. ఆ ఊరికే ఇచ్చారు ఆమెను.

నన్ను చూసి లేచి వచ్చింది. టీషర్టు పట్టుకుని చూసి, "ఏం బిడ్డా, నువ్వు గూడ నాటనీకి వచ్చినవా? మేము మూడొద్దుల సంది తవ్వుతున్నం" అంది. నవ్వుతూనే అంది. నాకు నోట మాట రాలేదు. మైదానం ఎవరిది అని అడిగాను. "ఎవలదేంది, బంజరు. మా మేకలు మేసే జాగ. ఇగ ఈడికి రావద్దన్నరు" అంది. తర్వాత తెలిసింది, దాని ఒక అంచున మాదిగ వాడవాళ్ళు ముగ్గురి లావణి పట్టాలు ఉన్నాయని, బోరు వేసుకునే స్తోమత లేక పడావు పెట్టారని. పడావు పెడితే అది ఖాళీ. ఖాళీ అయితే చెట్టుకు. ముప్పై ఏళ్ళ కింద దేశం చేసిన లెక్కే మా గుట్ట పక్కన మళ్ళీ జరిగింది.

రెండు గంటల్లో కార్యక్రమం అయిపోయింది. ఒక్కొక్కరూ ఒక మొక్క పట్టుకుని, ఫోటో దిగి, మట్టి కప్పారు. మా వరుసలో 40 మొక్కలు నాటాం, నేనే లెక్కపెట్టాను, లెక్కపెట్టడం నా పని కదా. నెలాఖరుకు గోడ మీద ఇంకో ఫ్రేమ్ వచ్చింది. అందులో మొత్తం మొక్కల సంఖ్య ఉంది.

మరుసటి ఏడాది మే నెలలో చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడు ఆ మైదానానికి నడిచి పోయాను. మా వరుసలో తొమ్మిది బతికి ఉన్నాయి. వానలు ఆగాక కొన్నాళ్ళు ట్యాంకర్ వచ్చిందట, తర్వాత రాలేదట. ఆ తొమ్మిది కూడా బతికింది, పక్క బావి నుంచి ఒక ముసలమ్మ బిందెతో పోసిన నీళ్ళతో. ఆమెకు ఎవరూ పైసా ఇవ్వలేదు. ఎందుకు పోశావమ్మా అంటే, "పానం ఉన్నది గద బిడ్డా" అంది. చచ్చిపోయిన 31 మొక్కలు మాత్రం మా ఆఫీసు గోడ మీద పచ్చగానే ఉన్నాయి. ఫ్రేమ్‌లో మొక్క చావదు.

ఆ రోజు నుంచి నాకు రిజిస్టర్ పట్టుకుంటే చేయి బరువెక్కేది. ఆరు నెలల తర్వాత ఉద్యోగం మానేశాను. ఇది గొప్ప త్యాగం ఏమీ కాదు, కాంట్రాక్టు కూడా అప్పుడే అయిపోయింది.

ఇప్పుడు మీలో కొందరికి చేవెళ్ళ మర్రిచెట్లు గుర్తుకొస్తాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు. నిజాం కాలపువి అంటారు. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయొద్దని ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్‌కు పోయారు, కేసు ఏళ్ళ తరబడి నడిచింది. 2025 నవంబర్ 3న అదే రోడ్డు మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. అప్పుడు చెట్లు కావాలా ప్రాణాలు కావాలా అని గొడవ లేచింది. ఆ బస్సుల్లో పొద్దున్నే ఎక్కేది మా లాంటివాళ్ళమే. మా ప్రాణాలు మాకు కావాలి. ఆ చెట్ల నీడన ఎండకు ఆగేది కూడా మేమే, మాకు ఆ నీడా కావాలి. ఈ రెండింటి మధ్య మమ్మల్ని నిలబెట్టి తేల్చుకోమనేవాళ్ళు ఎవరూ ఆ బస్సు ఎక్కరు, ఆ నీడలో కూర్చోరు.

ఆ మర్రిచెట్ల గురించి ఇంకో మాట. వాటికి మొదట్లో నీళ్ళు పోసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. అది వెట్టి నడిచిన కాలం. ఊర్లో సర్కారు పని అంటే ఎవరిని పిలిచేవారో మన తాతలను అడిగితే చెబుతారు. నూరేళ్ళ కింద పేరు లేదు, 2017లోనూ పేరు లేదు. రాజ్యం మారింది, బిందె మోసే భుజం మారలేదు.

చివరిగా, సర్కారు లెక్క కూడా మారుతోంది, అది తెలుసుకోండి. 2023 అక్టోబర్‌లో కేంద్రం గ్రీన్ క్రెడిట్ కార్యక్రమం తెచ్చింది. 2024 ఫిబ్రవరి నిబంధనల్లో క్షీణించిన అటవీ భూమిలో హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు, చెట్టుకు ఒక క్రెడిట్ అన్నారు. విమర్శలు వచ్చాయి. 2025 ఆగస్టులో మార్చి, ఐదేళ్ళు ఆగాలి, చెట్ల పందిరి 40 శాతమైనా ఉండాలి, బతికిన చెట్టుకే క్రెడిట్ అన్నారు. అంటే నాటిన రోజు లెక్క తప్పని వాళ్ళూ ఒప్పుకున్నట్టే. మా చిన్నమ్మకు ఈ సంగతి 2018 మే నెలలోనే తెలుసు. కానీ క్షీణించిన నేల అన్న మాట ఇంకా అట్లాగే ఉంది. ఆ నేలలో మేక మేపేవాళ్ళ, పోడు చేసేవాళ్ళ, లావణి పట్టా ఉన్నవాళ్ళ పేర్లు క్రెడిట్‌లో లేవు.

2023 ఆగస్టు 26న మా చేవెళ్ళలోనే కాంగ్రెస్ వాళ్ళు ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించారు. గుంజుకున్న అసైన్డ్ భూములు పూర్తి హక్కులతో తిరిగి ఇస్తామన్నారు. ఇప్పుడు ప్రభుత్వం వాళ్ళదే. ఆ మాటను మన ఊరి సర్వే నంబర్లతో సహా వాళ్ళ ముందు పెట్టాల్సింది మనమే.

అందుకే చదువుకునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని. మీ ఊర్లో ఏదైనా కంపెనీ చెట్ల బోర్డు కనిపిస్తే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కంపెనీ నేరుగా జవాబు చెప్పకపోవచ్చు, పంచాయతీ, తహసీల్దారు, అటవీ శాఖ చెప్పాలి. ఐదు ప్రశ్నలు చాలు. సర్వే నంబర్ ఎంత? రికార్డులో ఆ భూమి ఏ రకం, అంతకుముందు ఎవరి వాడకంలో ఉంది? గ్రామసభ తీర్మానం ఉందా? గుంత తవ్వినవాళ్ళకు, నీళ్ళు పోసినవాళ్ళకు ఎంత కూలి, ఎన్ని రోజులు ఇచ్చారు? మూడేళ్ళ తర్వాత ఎన్ని బతికాయి, వాటి కాయ, కట్టె, నీడ మీద హక్కు ఎవరిది? జవాబులు వచ్చాక పోయి మొక్కలను మీరే లెక్కపెట్టండి. ఒక వరుస చాలు.

ఫోన్ చేసిన చెల్లెకు ఇదీ నా జవాబు. చెట్టు నాటితే నాకు నొప్పి లేదు. మా చిన్నమ్మ తవ్విన గుంత, ఆ ముసలమ్మ పోసిన నీళ్ళు, మేకలు మేసిన నేల, ఇవన్నీ ఇంకొకరి కాగితం ఖాతాలో జమ అవుతున్నాయి. అక్కడ నొప్పి. 8,333 కాగితాలకు ఒక చెట్టు అని లెక్కగట్టగలిగిన దేశం, ఒక చెట్టుకు ఎన్ని బిందెలో కూడా లెక్కగట్టగలదు. అడిగేవాళ్ళు కావాలి.

ఆ తొమ్మిదిలో ఒకటి వేప. పోయిన నెల చూసి వచ్చాను, ఇంటి పైకప్పు అంత ఎత్తు అయింది. దాని కింద మేకలు పడుకుని ఉన్నాయి. ముసలమ్మ పోయింది. చెట్టుకు ఏ బోర్డూ లేదు. వాడ పిల్లలు మాత్రం దాన్ని ఆమె పేరుతోనే పిలుస్తున్నారు.

వచ్చే వారం, అసైన్డ్ భూమి మీద వేసిన ఒక రోడ్డు కథ.

జై భీమ్.